బస్సు పాసుకు మొహమాటమెందుకు?

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, ఇంగ్లండులో పింఛను వయసు వచ్చినవాళ్ళకీ, వైకల్యం ఉంటే ఏ వయసువాళ్ళకైనా, లోకల్ బస్సు ఉచితమని ఒక ముక్క అన్నాను. ఆ ముక్క మీదే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి కనుక ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

లెస్టర్‌లో గురువారం గురువారం మన పెద్దవాళ్ళకి కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) ఫారాలు నింపిపెడుతుంటాను. అక్కడ నాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మనకెందుకులేమ్మా, అడిగితే ఏమనుకుంటారో." అందుకే ముందుగా చెబుతున్నాను. ఇది ఎవరి దయా కాదు. 2007లో పార్లమెంటు చేసిన చట్టం. 2008 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండులో ఏ ఊళ్ళో ఇచ్చిన పాసైనా ఇంగ్లండంతటా లోకల్ బస్సుల్లో చెల్లుతోంది. వయసు గానీ వైకల్యం గానీ ఉండి, అక్కడ కాపురం ఉంటున్నట్టు కాగితం చూపిస్తే కౌన్సిల్ ఇచ్చి తీరాలి. మీ జీతమెంత, బ్యాంకులో ఎంతుంది అని అడగరు.

ప్రశ్న: నేను నాటింగ్‌హమ్‌లో నర్సుని, స్కిల్డ్ వర్కర్ వీసా. మావారు డిపెండెంట్. వయసు 51. ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు స్వాధీనం తప్పాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని కొంచెం నడుస్తున్నారు. ఎడమవైపు చూపు కూడా కొంత పోయింది. ఫిజియోథెరపీకి రెండు బస్సులు మారి వెళ్ళాలి. మా వీసాలో పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదని ఉంది కదా, పాసుకి అప్లై చేస్తే రేపు పీఆర్‌కి అడ్డం వస్తుందని తెలిసినవాళ్ళు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: రాదమ్మా. ఈ భయం మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది, దీనివల్ల నష్టపోతున్న ఇళ్ళు నేను చూస్తూనే ఉన్నాను. పబ్లిక్ ఫండ్స్ అంటే ప్రభుత్వం ఇచ్చే ప్రతిదీ కాదు. ఏవేవి ఆ లెక్కలోకి వస్తాయో ఇమిగ్రేషన్ రూల్స్‌లో పట్టీ వేసి ఉంది. యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, చైల్డ్ బెనిఫిట్, అటెండెన్స్ అలవెన్స్, పిప్ (వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే భృతి), ఇలాంటివన్నీ ఆ పట్టీలో ఉన్నాయి. బస్సు పాసు లేదు. ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ పట్టీ తెరిచి మీ కళ్ళతో మీరే చూసుకోండి. భయపెట్టేవాళ్ళకి కూడా చూపించండి.

ఇందులో ఒక మెలిక మాత్రం ఉంది, జాగ్రత్తగా వినండి. పిప్ ఆ పట్టీలో ఉంది కనుక, మీవారికి పిప్ అడగమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చాలా కౌన్సిళ్ళ ఫారాల్లో ముందుగానే "పిప్ వస్తోందా, అందులో నడకకి 8 పాయింట్లు ఉన్నాయా" అని ఉంటుంది. "లేదు" అని టిక్కు పెట్టగానే మన పని అయిపోయిందనుకుని చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకండి. పిప్ ఉన్నవాళ్ళకి అది దగ్గరి దారి, అంతే. అది లేనివాళ్ళు డాక్టరు కాగితాలతో నేరుగా వెళ్ళొచ్చు.

చట్టంలో వైకల్యానికి ఏడు తరగతులున్నాయి. చూపు లేకపోవడం, బాగా తగ్గడం. చెవుడు తీవ్రంగా ఉండడం. మాట లేకపోవడం. నడక మీద తీవ్రమైన, దీర్ఘకాలం ఉండే ప్రభావం. రెండు చేతులూ లేకపోవడం లేదా రెండూ పనిచేయకపోవడం. లెర్నింగ్ డిజెబిలిటీ. ఏడోది, మనవాళ్ళెవరికీ తెలియనిది: ఆరోగ్య కారణంగా డ్రైవింగ్ లైసెన్సు నిరాకరించేంత పరిస్థితి ఉండడం. మద్యం, మత్తుమందుల అలవాటు వల్ల నిరాకరించడం మాత్రం ఇందులోకి రాదు.

మీవారికి చేతి దారి పనికిరాదు, ఒక్క చెయ్యే కనుక. నడక దారి ఉంది. 12 నెలలకి పైగా ఉన్నదాన్ని, లేదా ఉంటుందని డాక్టరు చెప్పినదాన్ని దీర్ఘకాలం అంటారు, మీకు ఏడాది గడిచింది కూడా. రెండోది చూపు. కంటి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు పరీక్షించి "సర్టిఫికెట్ ఆఫ్ విజన్ ఇంపెయిర్‌మెంట్" ఇస్తే మొదటి తరగతిలోనే దారి తెరుచుకుంటుంది. అది ఇవ్వకపోయినా, రెండు కళ్ళతో చూసినా ఒకవైపు కనిపించకపోతే సాధారణంగా బండి నడపనివ్వరు, అలాగైతే ఏడో తరగతి ఉంది. ఫారంలో వర్తించినవాటన్నిటికీ టిక్కు పెట్టండి. ఒకటి చాల్లే అనుకోకండి.

కాగితాల సంగతి. జీపీని, అంటే మామూలుగా చూపించుకునే ఇంటి డాక్టరుని, కొత్తగా ఉత్తరం రాయమంటే చాలాచోట్ల డబ్బు తీసుకుంటారు. అది చివరి మార్గంగా ఉంచుకోండి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితం, స్ట్రోక్ క్లినిక్ నుంచి జీపీకి వెళ్ళి మీకు నకలు వచ్చిన ఉత్తరాలు, ఫిజియోథెరపిస్టు రాసిన రిపోర్టు, ఇవి మీ దగ్గర ఇప్పటికే ఉంటాయి. ఫిజియో రిపోర్టులో ఎంత దూరం, ఎంతసేపట్లో, ఏ సాయంతో నడిచారో అంకెలుంటే బంగారం. లేకపోతే ఈసారి వెళ్ళినప్పుడు అడిగి రాయించండి. మీరు నర్సు కనుక ఈ భాష మీకు నాకంటే బాగా వచ్చు.

ప్రశ్న: నేను రెడింగ్‌లో కొడుకు దగ్గర స్థిరపడ్డాను. పాస్‌పోర్టులో పుట్టినతేదీ 20 ఆగస్టు 1960. అసలు పుట్టింది అంతకు రెండేళ్ళ ముందు కార్తీకమాసంలో. బళ్ళో వేసినప్పుడు మాస్టారు వేసిన తేదీ ఇది. నాకు ఇక్కడ పింఛను రాదు, ఎప్పుడూ ఉద్యోగం చెయ్యలేదు. పాసు ఎప్పుడొస్తుంది? ఇంటి బిల్లులన్నీ కోడలి పేరు మీదే ఉన్నాయి.

జవాబు: ముందు పింఛను సంగతి తీసేద్దాం. పాసుకి చూసేది పింఛను వయసు వచ్చిందా అని మాత్రమే. పింఛను వస్తోందా అని కాదు. ఇక్కడ ఒక్కరోజు పనిచెయ్యని వాళ్ళకీ, బ్రిటిష్ పౌరసత్వం లేనివాళ్ళకీ ఇస్తారు.

తేదీ విషయంలో మాత్రం మాస్టారి మాటే చెల్లుతుంది. మన తరంలో సగంమందికి ఇదే కథ. కౌన్సిల్ పాస్‌పోర్టు చూస్తుంది, జాతకం చూడదు. 1960 ఏప్రిల్ 5, అంతకుముందు పుట్టినవాళ్ళకి 66 నిండితే చాలు. 1961 మార్చి 6 నుంచి 1977 ఏప్రిల్ 5 దాకా పుట్టినవాళ్ళకి 67. మధ్యలో పుట్టినవాళ్ళకి నెలకో నెల చొప్పున పెరుగుతుంది. మీ తేదీకి 66 ఏళ్ళ 5 నెలలు, అంటే 2027 జనవరి 20. గవర్నమెంటు వెబ్‌సైటులో "స్టేట్ పెన్షన్ ఏజ్" అని కొట్టి తేదీ వేస్తే అదే తేదీ బస్సు పాసుకి కూడా చూపిస్తుంది. కొన్ని కౌన్సిళ్ళు ఆ తేదీకి కొన్ని వారాల ముందే అప్లికేషన్ తీసుకుంటాయి.

చిరునామా చిక్కు ఇప్పటినుంచే విప్పుకోండి. కొడుకుల దగ్గర ఉండే అమ్మలకి, అత్తలకి వాళ్ళ పేరు మీద ఒక్క బిల్లూ ఉండదు. అప్లికేషన్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. మీ పేరు మీద ఒక బ్యాంకు ఖాతా ఉంటే ఆ స్టేట్‌మెంటు పనికొస్తుంది. ఆసుపత్రి నుంచో జీపీ నుంచో మీ పేరుకి, ఆ ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని చాలా కౌన్సిళ్ళు ఒప్పుకుంటాయి. కవరు చింపి చెత్తబుట్టలో పడేయకుండా ఒక ఫైలులో పెట్టుకోండి. సాధారణంగా ఈ మధ్య వచ్చినవే అడుగుతారు, పాతవి కుదరవు. కోడలిగారికి ఒక మాట: అత్తగారి పేరు కూడా కౌన్సిల్ ఉత్తరాల్లోనో బ్యాంకు కాగితాల్లోనో కనిపించేలా చెయ్యడం పాసుకే కాదు, ఇక్కడ ప్రతి పనికీ అవసరం.

మొదటిసారి పాసు ఉచితం. వెతికితే ముందొచ్చే కొన్ని వెబ్‌సైట్లు "మేం అప్లై చేసిపెడతాం" అని డబ్బడుగుతాయి. పోస్ట్‌కోడ్ వేస్తే మీ కౌన్సిల్ పేజీకి తీసుకెళ్ళే ప్రభుత్వ వెబ్‌సైటు ఒక్కటే నమ్మండి.

ప్రశ్న: మిల్టన్ కీన్స్ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయికి 23. పద్నాలుగో ఏట నుంచి ఫిట్స్. మందులు వాడుతున్నా రెండు మూడు నెలలకోసారి వస్తూనే ఉంది. వేర్‌హౌస్‌లో పని, మధ్యాహ్నం షిఫ్టు. కారు నడపలేడు కనుక జీతంలో బస్సుకి బాగానే పోతోంది. ఫిట్స్ ఉన్నవాళ్ళకి పాసిస్తారని ఒకామె చెప్పింది. మావారు వద్దంటున్నారు. డిజేబుల్డ్ అని కార్డు తీసుకుంటే రేపు సంబంధాలు వస్తాయా అని. అబ్బాయి ఏమీ అనడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి దీనికే ముందు జవాబు రాశాను.

పాసు వస్తుంది. పైన చెప్పిన ఏడో తరగతి ఇదే. ఫిట్స్ వస్తున్నవాళ్ళకి సాధారణంగా 12 నెలలు ఒక్కసారి కూడా రాకుండా ఉంటే గానీ డీవీఎల్ఏ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) లైసెన్సు ఇవ్వదు. మీ అబ్బాయి లైసెన్సుకి ఎప్పుడైనా అప్లై చేసి కాదనిపించుకుంటే ఆ ఉత్తరం జతచెయ్యండి. అసలు అప్లై చెయ్యకపోయినా ఫరవాలేదు, కాదనిపించుకోవడం కోసం అప్లై చెయ్యక్కర్లేదు. ఎపిలెప్సీ క్లినిక్ నుంచి వచ్చిన ఉత్తరంలో చివరి ఫిట్ ఏ తేదీన వచ్చిందో ఉంటే అదే సాక్ష్యం. పిప్ అవసరం లేదు. ఏడాదిపాటు ఫిట్స్ రాకుండా ఉండి లైసెన్సుకి అర్హత వస్తే ఈ దారిలో పాసు ఆగిపోతుంది. ఆ రోజు రావాలనే నేనూ కోరుకుంటున్నాను.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9.30 నుంచి రాత్రి 11 వరకు, శని ఆదివారాలు, బ్యాంక్ సెలవుల్లో రోజంతా పాసు చెల్లుతుంది. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళి రాత్రి 11 లోపు బస్సెక్కితే రాకపోకలు రెండూ అందులో పడతాయి. వైకల్యం పాసు ఉన్నవాళ్ళకి కొన్ని కౌన్సిళ్ళు పొద్దున్న కూడా అనుమతిస్తాయి. మీ కౌన్సిల్‌ని అడగండి. రైలు ఎక్కే అలవాటుంటే డిజేబుల్డ్ పర్సన్స్ రైల్‌కార్డు కూడా ఉంది, మందులు వాడుతున్నా ఫిట్స్ వస్తున్నవాళ్ళకి ఇస్తారు. టికెట్టులో మూడోవంతు తగ్గుతుంది, తోడు వచ్చే ఒకరికి కూడా తగ్గుతుంది. బస్సు పాసుతో దీనికి సంబంధం లేదు, విడిగా కొనుక్కోవాలి.

ఇక మీ ఆయన అడిగింది. కార్డు మీద జబ్బు పేరుండదు. పేరు, ఫొటో, ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటాయి. పెద్దవాళ్ళ కార్డు అంచు నీలంగా, వైకల్యం కార్డు అంచు నారింజరంగులో ఉంటుంది. డ్రైవరు మిషను మీద పెట్టమంటాడు, టప్‌మని మోగుతుంది, అయిపోయింది. దీన్ని చూసి సంబంధం తప్పిపోవాలంటే పెళ్ళివాళ్ళు మీ అబ్బాయి జేబు వెతకాలి.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది అది కాదు. సంబంధం మాట్లాడేనాటికి ఫిట్స్ సంగతి ఆ అమ్మాయికి చెప్పాలి, కార్డు ఉన్నా లేకపోయినా. దాచిపెట్టి చేసిన పెళ్ళిళ్ళలో మొదటిసారి ఫిట్ వచ్చిన రాత్రి ఆ పిల్లలు ఎంత భయపడిపోయారో నేను విన్నాను. అది ఆ అమ్మాయికి అన్యాయం, మీ అబ్బాయికి ఇంకా పెద్ద అన్యాయం. మన దేశంలోనే హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళికి ఉన్న అడ్డంకిని 1999లో తీసేశారు. చట్టం వదిలేసిన భయాన్ని ఇంట్లో మనం ఇంకా పట్టుకుని కూర్చోకూడదు.

"అబ్బాయి ఏమీ అనడు" అని రాశారు. అతనికి 23 ఏళ్ళు. ఫారం మీద సంతకం అతనిది, పాసు అతనిది. మీరూ మీవారూ పక్కకు జరిగి, అతన్ని కూర్చోబెట్టి "నీకేం కావాలి నాన్నా" అని అడగండి. అతను తీసుకుంటానంటే మీవారికి ఈ పేజీ చదివి వినిపించండి. వద్దంటే కొన్నాళ్ళు ఊరుకోండి, మళ్ళీ అడగండి. కానీ అతని తరఫున మీరిద్దరూ కాదని చెప్పకండి.

ప్రశ్న: ఆర్నెల్లు ఉందామని మా అమ్మానాన్న రాజమండ్రి నుంచి పీటర్‌బరో వచ్చారు. ఇద్దరికీ 70 దాటాయి. వాళ్ళకి పాసు తీయొచ్చా? కుదరకపోతే పక్కింటి తెలుగు ఆంటీ తన కార్డు అమ్మకి ఇస్తానంటున్నారు.

జవాబు: విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి రాదు బాబూ. వయసు ఎంతైనా, వాళ్ళ ప్రధాన నివాసం ఇంగ్లండు అయి ఉండాలి.

ఆంటీగారి కార్డు మాత్రం వద్దు. ఫొటో ఉంటుంది, డ్రైవరు చూసి తీసేసుకోవచ్చు. ఆవిడ పాసు పోతుంది, మీ అమ్మగారికి పదిమందిలో తలవంపు. ఆ అవసరం కూడా లేదు. 2025 జనవరి నుంచి ఇంగ్లండులో లండన్ బయట చాలా బస్సుల్లో ఒక వైపు టికెట్టు 3 పౌండ్లు దాటకుండా ప్రభుత్వం పరిమితి పెట్టింది, దాన్ని 2027 మార్చి దాకా పొడిగించింది. ఊళ్ళో తిరగడానికి రోజు టికెట్టు కొంటే ఇంకా కలిసొస్తుంది. దూరం వెళ్ళినా ఒక బస్సుకి 3 పౌండ్లే కనుక, అమ్మానాన్నల్ని ఎక్కడికైనా తిప్పాలనుంటే రైలు కంటే ముందు బస్సు దారి చూడండి. పై అంతస్తులో ముందు సీటు ఇప్పించండి, మెట్లు ఎక్కగలిగితే.

ప్రశ్న: కోవెంట్రీలో ఉంటాను, వయసు 69. పొద్దున్న 9.28కి బస్సెక్కితే డ్రైవరు డబ్బులడిగాడు. రెండు నిమిషాలకి ఇంత పట్టుదలా? ఆసుపత్రి అపాయింట్‌మెంటు 10కి ఇస్తే నేనేం చెయ్యాలి?

జవాబు: డ్రైవరు తప్పు లేదండీ. మిషను టైము చూసి పాసుని ఒప్పుకోదు, ఒప్పించాలంటే తన ఉద్యోగం మీదకి వస్తుంది. చట్టం పెట్టిన కనీస సమయం 9.30. అంతకుముందు ఉచితంగా ఎక్కించాలా వద్దా అనేది కౌన్సిల్ ఇష్టం, ఆ ఖర్చు దానిదే. ఈ నియమం పెట్టింది ఆఫీసులకీ బళ్ళకీ వెళ్ళే రద్దీ కోసం. ఆసుపత్రికి వెళ్ళే పెద్దవాళ్ళని మినహాయించి ఉండాల్సిందని నా అభిప్రాయం. అపాయింట్‌మెంటు ఉత్తరంలో ఫోన్ నంబరు ఉంటుంది. బస్సు పాసు మీద వస్తాను, 11 తర్వాత ఇవ్వండి అని అడగండి. చాలాసార్లు మారుస్తారు. అడగకుండా ఎవరూ మార్చరు.

ప్రశ్న: కార్డిఫ్‌లో 60 నిండగానే పాసిచ్చారు. ఇప్పుడు 62. కూతురి దగ్గరికి బ్రిస్టల్ మారాను. పాత పాసు చెల్లదంటున్నారు.

జవాబు: చెల్లదు. వేల్స్‌లో 60కే ఇస్తారు, స్కాట్లండ్‌లోనూ 60కే. ఇంగ్లండులో పింఛను వయసు దాకా ఆగాలి. వంతెన దాటగానే వయసు తగ్గిపోదు కదా అని మీరు రాసిన మాట నిజం, నాకూ ఇది న్యాయంగా అనిపించదు. కొన్ని ప్రాంతాలు తమ డబ్బుతో 60కే ఇస్తాయి, మీ కొత్త కౌన్సిల్‌ని ఒకసారి అడగండి. మీకు మోకాళ్ళ ఆపరేషన్ అయిందని చివర్లో రాశారు. నడక ఇంకా కష్టంగా ఉంటే వయసు కోసం ఆగకుండా వైకల్యం తరగతిలో అడగండి. కార్డిఫ్ పాసు వెనక్కి పంపించేయండి.

ప్రశ్న: ఈస్ట్ హామ్. నాకు 61. లండన్‌లో ఫ్రీడమ్ పాసు ఎప్పుడు?

జవాబు: ఫ్రీడమ్ పాసుకి (లండన్‌వాళ్ళకి ఇచ్చే ఉచిత ప్రయాణ పాసు) పింఛను వయసు రావాలి. అప్పటిదాకా లండన్‌వాళ్ళకి "60 ప్లస్ లండన్ ఓయిస్టర్" అనే కార్డు ఉంది. దీనికి రుసుము కట్టాలి, కానీ బస్సూ, ట్యూబు అనే భూగర్భ రైలూ రెండూ ఎక్కొచ్చు. సోమవారం నుంచి శుక్రవారం దాకా మాత్రం పొద్దున్న 9 తర్వాతే. ఇది లండన్ దాటితే పనిచెయ్యదు. లెస్టర్‌లో చుట్టాలింటికి వచ్చి ఓయిస్టర్ చూపిస్తే డ్రైవరు ఒప్పుకోడు. ఫ్రీడమ్ పాసైతే ఇంగ్లండంతటా లోకల్ బస్సుల్లో 9.30 తర్వాత చెల్లుతుంది.

ప్రశ్న: అమ్మకి 74, మతిమరుపు జబ్బు. పెద్దవాళ్ళ పాసుంది. ఒంటరిగా పంపలేను, ఒకసారి దిగాల్సిన చోట దిగకుండా చివరి స్టాపు దాకా వెళ్ళిపోయింది. తోడు వెళ్ళే నాకు ప్రతిసారీ టికెట్టు అవుతోంది. ఉల్వర్‌హాంప్టన్.

జవాబు: తోడు వచ్చేవాళ్ళకి ఉచితం అనేది దేశమంతటి చట్టంలో లేదమ్మా. ఇది ఆ చట్టంలో నాకు కనిపించే పెద్ద లోటు. ఒంటరిగా బస్సెక్కలేని మనిషికి ఒంటరి పాసు ఇచ్చి ఏం లాభం? అయినా చాలా కౌన్సిళ్ళు తమంతట తాము తోడు పాసు ఇస్తున్నాయి. కార్డు మీద ఆ గుర్తు వేస్తారు, అమ్మతో ఉన్నప్పుడు మీరు టికెట్టు కొనక్కర్లేదు. ఆ కౌన్సిల్ పరిధి దాటితే తోడు సంగతి చెల్లకపోవచ్చు.

సాధారణంగా దీన్ని వైకల్యం పాసుకే జతచేస్తారు, పెద్దవాళ్ళ పాసుకి కాదు. కాబట్టి అమ్మ పాసుని మార్పించాలి. మెమరీ క్లినిక్ ఉత్తరం, అమ్మ ఒంటరిగా ప్రయాణం చెయ్యలేదని రాసిన ఏదైనా కాగితం జతచెయ్యండి. మీరు నాకు రాసిన చివరి స్టాపు సంగతి ఫారంలో కూడా అలాగే రాయండి. "అప్పుడప్పుడు మర్చిపోతుంది" అని రాస్తే సరిపోదు.

ప్రశ్న: ఇక్కడి పాసుతో గుంటూరులో బస్సెక్కొచ్చా అని మా నాన్న అడుగుతున్నారు.

జవాబు: కుదరదని నాన్నగారికి చెప్పండి. ఆంధ్రలో 60 దాటినవాళ్ళకి ఆర్టీసీ చార్జీలో 25 శాతం తగ్గిస్తుంది, వయసు చూపించే గుర్తింపు కార్డు అసలుది దగ్గరుండాలి. ఆన్‌లైన్లో బుక్ చేసేటప్పుడు సీనియర్ సిటిజన్ అని ఎంచుకోవాలి. రైల్లో పెద్దవాళ్ళకి ఉన్న రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, మళ్ళీ ఇవ్వలేదు.

ప్రశ్న: నాకు 57. కీళ్ళవాతం, పదేళ్ళుగా. పిప్‌లో నడకకి 4 పాయింట్లే ఇచ్చారు. బస్సు పాసుకి అప్లై చేస్తే అర్హత లేదని ఒక్క వాక్యం ఉత్తరం వచ్చింది. జీపీ ఉత్తరం కూడా జతచేశాను. ఇక చేసేదేమీ లేదా? (డెర్బీ)

జవాబు: ఉంది. మీరు ఫారం నకలు, జీపీ ఉత్తరం నకలు పంపారు కాబట్టి ఎక్కడ దెబ్బతిన్నదో నాకు కనిపించింది. జీపీ "ఈమెకు కీళ్ళవాతం ఉంది" అని రెండు లైన్లు రాశారు. జబ్బు ఉందని కౌన్సిల్ కాదనడం లేదు. ఆ జబ్బు వల్ల నడక ఏమైందో వాళ్ళకి కావాలి. మీరేమో "ఎంత దూరం నడవగలరు" అన్న చోట "నెమ్మదిగా నడుస్తాను, ఫరవాలేదు" అని రాశారు. ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టు రాశారమ్మా.

మళ్ళీ రాద్దాం. ఇంటి గుమ్మం నుంచి ఏదో ఒక చోటుని గుర్తు పెట్టుకోండి, దీపస్తంభమో పోస్టు డబ్బానో. మనవడి చేత దూరం కొలిపించండి, ఫోన్‌లో మ్యాపు చాలు. అక్కడికి చేరేసరికి ఎన్నిసార్లు ఆగారు, ఎంతసేపు పట్టింది, నొప్పి ఎక్కడ మొదలైంది, తిరిగొచ్చాక ఎంతసేపు కూర్చోవాల్సి వచ్చింది, ఇవి రాయండి. చలికాలం పొద్దున్న ఎలా ఉంటుందో విడిగా రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయడమే. పెంచి రాయకండి, తగ్గించి అసలే రాయకండి. రుమటాలజీ క్లినిక్ ఉత్తరాలు, మందుల పట్టీ జతచెయ్యండి.

పిప్ 4 పాయింట్లంటే 50 మీటర్లు దాటి, 200 మీటర్లకు మించకుండా నడవగలరని లెక్క. 20 దాటి 50 మీటర్ల లోపే అయితే 8 పాయింట్లు, అప్పుడు అప్లై చేస్తే వేరే పరీక్ష లేకుండానే పాసు వస్తుంది. కొలిచినప్పుడు మీకు 50 మీటర్లే కష్టమని తేలితే పిప్ నిర్ణయాన్నీ మళ్ళీ చూడమని అడగొచ్చు. నిర్ణయం వచ్చిన నెలలోపు అడగాలి, అది దాటితే ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి. 4 పాయింట్లే ఉన్నా పాసు తలుపు మూసుకుపోలేదు, కౌన్సిల్ తన పరీక్ష తాను చెయ్యాలి.

కౌన్సిల్‌కి ఉత్తరం ఇలా మొదలుపెట్టండి: ఏ కారణంతో కాదన్నారో రాతపూర్వకంగా చెప్పండి, నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించండి, అవసరమైతే నడక పరీక్షకి నన్ను పిలవండి. పరీక్షకి పిలిస్తే ఆ రోజు నొప్పి మాత్ర అదనంగా వేసుకుని వెళ్ళకండి, రోజూ వాడేది మాత్రమే వేసుకోండి. రోజూ పట్టుకునే కర్ర పట్టుకెళ్ళండి. అక్కడా కాదంటే కౌన్సిల్ ఫిర్యాదుల విభాగానికి రాయండి, వాళ్ళ చివరి జవాబు వచ్చాక లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్‌కి (కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులు చూసే స్వతంత్ర అధికారికి) రాయొచ్చు. అంబుడ్స్‌మన్‌కి ఫీజు లేదు. ఉత్తరం పంపేముందు నాకొక నకలు పంపండి, చదివి పెడతాను.